మీకు తెలుసా? రోజూ నడిపే కారు రేస్ ట్రాక్ ఎక్కాలంటే...

చిన్న హ్యాచ్‌బ్యాక్‌ను ట్రాక్ డేకి సిద్ధం చేసేవారి చూపు ముందు ఇంజిన్ మీద పడుతుంది. పడవలసింది బ్రేకుల మీద. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలన్నది ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలే. వరుస మలుపుల్లో గట్టిగా బ్రేకులు వేస్తే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. పాత ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోయించడం ఇందుకే.

తమిళనాడులోని సత్రపట్టి, రాజపాళయం వైపు వారికి మరో చిక్కుంది. రేసరు, రేసు కార్ల రూపకర్త ఎస్. కరివర్ధన్ పేరిట వెలసిన కరి మోటార్ స్పీడ్‌వే కోయంబత్తూరు దగ్గర ఉంది. అంటే 200 కిలోమీటర్లకు పైనే. ట్రాక్ మీద అలిసిన కారే ఇంటికీ చేర్చాలి. కాబట్టి బ్రేక్ ప్యాడ్లు సగం అరిగి ఉంటే ముందే మార్చాలి. వేడికి టైర్లలో గాలి పీడనం పెరుగుతుంది, ట్రాక్ దిగగానే కొలిచి తగ్గించాలి, తిరుగు ప్రయాణానికి మళ్లీ నింపాలి. వీల్ నట్లు టార్క్ రెంచితో బిగించాలి. జాకీ, మ్యాట్లు వంటి కదిలే సామాను దించేయాలి. చివరి ల్యాప్ నెమ్మదిగా తిప్పి, ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేరులో ఉంచాలి.

ఫస్ట్ ఎయిడ్ పెట్టె కూడా తప్పనిసరి. అందులోని కట్టుగుడ్డకు సత్రపట్టి మగ్గాలు పెట్టింది పేరు.