ఉన్నత విద్య ఖర్చు: సీటు ఎంచుకొనుటకు ముందే వేయవలసిన లెక్క

అచ్యుతాపురం: ఇంటర్మీడియట్ పూర్తిచేసి ఇంజనీరింగ్, డిగ్రీ తదితర కోర్సులలో చేరదలచిన విద్యార్థుల కుటుంబాలు తొలుత విచారించేది కళాశాల ఫీజు ఎంత అన్న విషయమే. అయితే ట్యూషన్ ఫీజు మొత్తం ఖర్చులో ఒక భాగం మాత్రమే. ఆ ఫీజును ప్రభుత్వం భరించిన సందర్భంలో సైతం కుటుంబంపై పడే భారం గణనీయంగానే ఉంటుంది. ఈ భారాన్ని ముందుగా అంచనా వేయు విధానాన్ని పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారుల ఉపయోగార్థం ఇక్కడ వివరించడమైనది.

నెలసరి ఆదాయం, విడతల ఖర్చు

పూర్వపు విశాఖపట్నం జిల్లాలో భాగమై, 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన అచ్యుతాపురం మండలంలో ప్రత్యేక ఆర్థిక మండలి ఏర్పడిన పిదప అనేక కుటుంబాలు వ్యవసాయం నుండి కర్మాగారాల వేతనాల వైపు మళ్ళినవి. వేతనం నెలనెలా అందుతుంది. కళాశాల ఖర్చు మాత్రం ప్రవేశ సమయంలోను, సెమిస్టర్ల ఆరంభంలోను పెద్ద మొత్తంగా ఎదురవుతుంది. ఈ రెండింటి మధ్య గల అంతరమే పలు కుటుంబాలను అధిక వడ్డీ అప్పుల వైపు నెట్టుచున్నది. కావున మొత్తం ఎంత అన్నదానితో పాటు ఏ నెలలో ఎంత అవసరమన్నది కూడా లెక్కలో చేరవలసి ఉన్నది.

అంచనాలో చేర్చవలసిన పద్దులు

1. ట్యూషన్ ఫీజు
2. ప్రవేశ, పరీక్ష, ప్రయోగశాల, గ్రంథాలయ రుసుములు
3. వసతిగృహం, భోజనం లేదా రోజువారీ ప్రయాణం
4. పుస్తకాలు, పరికరాలు, కంప్యూటర్
5. దుస్తులు, ఫోను, వైద్యం వంటి చిల్లర ఖర్చులు
6. ఏటేటా పెరిగే ధరల ప్రభావం

ఒక నమూనా లెక్క

అవగాహన కొరకు ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలించవచ్చు. అచ్యుతాపురానికి చెందిన విద్యార్థి విశాఖపట్నంలోని ఇంజనీరింగ్ కళాశాలలో చేరి వసతిగృహంలో ఉంటాడనుకుందాం. ఏడాదికి ట్యూషన్ ఫీజు రూ.70,000; ఇతర రుసుములు రూ.8,000, పది నెలల వసతి, భోజనం రూ.70,000, పుస్తకాలు రూ.6,000, రాకపోకలు రూ.5,000, చిల్లర ఖర్చులు రూ.15,000 అనుకుంటే తొలి సంవత్సరం మొత్తం రూ.1,74,000 అవుతుంది. కంప్యూటర్ కొనుగోలుకు మరొక రూ.40,000 ఒక్కసారి అవసరం.

ట్యూషన్ ఫీజు నాలుగేళ్ళూ మారదని, మిగిలిన రూ.1,04,000 ఏటా 6 శాతం చొప్పున పెరుగుతుందని భావిస్తే నాలుగేళ్ళ మొత్తం సుమారు రూ.7.75 లక్షలకు చేరుతుంది. ఇందులో ట్యూషన్ ఫీజు వాటా రూ.2.80 లక్షలు. అది పూర్తిగా ప్రభుత్వం నుండి లభించినా కుటుంబం సమకూర్చుకోవలసినది సుమారు రూ.4.95 లక్షలు, అనగా నెలకు దాదాపు రూ.10,300. ‘ఫీజు లేని సీటు’ అనగా ‘ఖర్చు లేని చదువు’ కాదని ఈ లెక్క స్పష్టం చేయుచున్నది.

ఇదే విద్యార్థి ఇంటి నుండి బస్సులో వెళ్ళివచ్చి, ప్రయాణం, మధ్యాహ్న భోజనం కలిపి ఏడాదికి రూ.20,000 వెచ్చించినచో తొలి ఏడాది రూ.55,000, నాలుగేళ్ళలో సుమారు రూ.2.40 లక్షలు తగ్గుతాయి. అయితే ఇంటివద్ద భోజన వ్యయం, రోజూ రానుపోను సుమారు 80 కిలోమీటర్ల ప్రయాణంలో కోల్పోయే చదువు సమయం కూడా పరిగణించాలి.

సహాయం: ఖాయమైనదే లెక్కలోకి

ఉమ్మడి రాష్ట్రంలో 2008-09లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ విధానం తదుపరి కాలంలో పేర్లు, చెల్లింపు పద్ధతులు మార్చుకొన్నది. 2019 తరువాత విద్యా దీవెన, వసతి దీవెన పేర్లతో అమలై, 2024లో మరల మార్పులకు లోనైనది. కన్వీనర్ కోటా సీటుకు, యాజమాన్య కోటా సీటుకు గల వ్యత్యాసాన్ని ఐచ్ఛికాల నమోదుకు ముందే గ్రహించాలి. యాజమాన్య కోటాలో చేరినవారికి రీయింబర్స్‌మెంట్ వర్తించదు. మంజూరు కాని మొత్తాన్ని ఆదాయంగా చూపరాదు. చెల్లింపు ఆలస్యమైనచో గడిచే విధంగా కనీసం ఒక సెమిస్టరుకు సరిపడు మొత్తాన్ని విడిగా ఉంచుకొనుట శ్రేయస్కరం.

విద్యా రుణం

పై ఉదాహరణలోని లోటు వంటి మొత్తాలకు బ్యాంకు విద్యా రుణం ఒక మార్గం. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం రూ.4 లక్షల వరకు కుటుంబం తన వాటా చెల్లించనవసరం లేదు. అంతకు మించినచో దేశంలో చదువుకు 5 శాతం వాటా ఉంటుంది. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం క్రింద, గుర్తించిన నాణ్యమైన విద్యాసంస్థలలో సీటు పొందినవారికి హామీదారు గాని, తాకట్టు గాని లేకుండా రుణం లభిస్తుంది. కుటుంబ వార్షికాదాయం రూ.8 లక్షల లోపు ఉండి, ఇతర ప్రభుత్వ ఉపకార వేతనం లేదా వడ్డీ రాయితీ వర్తించని వారిలో ఎంపికైనవారికి రూ.10 లక్షల వరకు రుణంపై తిరిగి చెల్లింపు ప్రారంభమయ్యే వరకు 3 శాతం వడ్డీ రాయితీ కలదు. కళాశాల ఆ జాబితాలో ఉన్నదీ లేనిదీ చేరకముందే సరిచూసుకోవాలి.

సీటు మార్చుకొన్నచో

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 అక్టోబరులో జారీచేసిన ప్రకటన ప్రకారం విద్యాసంస్థలు విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను తమవద్ద నిలిపి ఉంచరాదు. అదే ప్రకటన, ప్రవేశాల తుది గడువుకు 15 రోజులు లేదా అంతకు ముందే వైదొలగినవారికి పూర్తి ఫీజు తిరిగి ఇవ్వాలని, గడువు ముగిసిన 30 రోజుల తరువాత వైదొలగినచో ఏమీ రాదని సూచించినది. కావున చెల్లించిన ప్రతి మొత్తానికి రసీదు, ప్రతి గడువు తేదీ భద్రపరచుకోవాలి.

ప్రవేశాల వార్తలు ప్రచురించునపుడు ట్యూషన్ ఫీజుతో పాటు వసతి, ఇతర రుసుముల వివరాలను కూడా పాత్రికేయులు పొందుపరచినచో, కౌన్సెలింగ్ సహాయ కేంద్రాలలో అధికారులు పై ఆరు పద్దుల పట్టికను తల్లిదండ్రులచే పూరింపజేసినచో, ఆర్థిక ఇబ్బందులతో రెండవ, మూడవ సంవత్సరంలో చదువు మానివేసే పరిస్థితిని చాలా వరకు నివారించవచ్చును.