పద్యాన్ని మింగేసిన మోత

తెనాలి: ఇంట్లో నిలువెత్తు స్పీకరు పెట్టెలు రెండు. పాట పెడితే కిటికీ రెక్కలు అదురుతాయి. గోడ మీది పటాలు కదులుతాయి. పద్యంలో మాట మాత్రం ఒక్కటీ చెవిన పడదు. తెనాలి సమీపంలోని ఒక పల్లెలో, ఒకప్పుడు నాటకాలకు హార్మోనియం వాయించిన పెద్దాయనకు వచ్చిన చిక్కు ఇది.

కొడుకు పట్నంలో ఎవరో వాడిన పెట్టెలను బేరమాడి తెచ్చాడు. తండ్రి ముచ్చటపడి ‘పాండవోద్యోగ విజయాలు’ పద్యాలు పెట్టించుకున్నారు. రాయబారంలో కృష్ణుడి గొంతు వచ్చింది గాని ఆయన ఏమంటున్నాడో తెలియలేదు. “దీనికంటే మన పాత రేడియో నయంరా అబ్బాయ్” అని పెద్దాయన లేచి అరుగు మీదికి వెళ్లిపోయారు.

ఆ మాటలో నిజం లేకపోలేదు.

రేడియో గుట్టు

పాత రేడియోలో వుండేది చిన్న స్పీకరు ఒక్కటే. లోతైన మోత దానికి చేతకాదు. సన్నని శబ్దాలూ అంతంత మాత్రమే. నడిమి శబ్దాన్ని మాత్రం చక్కగా పలికించేది. గుడి మీది మైకు బాకా కూడా అంతే. మనిషి మాట చాలావరకు వుండేది ఆ నడిమి భాగంలోనే.

మంచి చెవికి సెకనుకు 20 నుంచి 20,000 ప్రకంపనల వరకు వినపడతాయి. పాత తీగల టెలిఫోను పంపింది 300 నుంచి 3,400 దాకానే. అయినా అవతలివారి మాట అర్థమయ్యేది. వయసు పైబడినవారికి సాధారణంగా ముందు తగ్గేది సన్నని శబ్దాల వినికిడి. స, ష, త, క వంటి అక్షరాల తేడా తెలియటం కష్టమవుతుంది. దానికి తోడు కింద మోత పెరిగితే వినపడే కాస్త మాటా అందులో మునిగిపోతుంది.

విప్పకుండానే సగం వైద్యం

వూరి రేడియో మెకానిక్కు వచ్చి ముందు పెట్టెలను విప్పలేదు, జరిపించాడు. రెండూ గది మూలల్లో గోడకు ఆనించి వున్నాయి. మూలన పెడితే రెండు గోడలూ నేలా కలిసి మోతను పెంచుతాయి. రెండడుగులు ఇవతలకు జరిపి, ముఖాలు వినేవారి వైపు కొద్దిగా తిప్పగానే మోత తగ్గింది.

తర్వాత యాంప్లిఫయరు చూశాడు. కుర్రవాళ్లు ఈక్వలైజరులో రెండు చివరల మీటలు పైకి తోసి, నడిమివి కిందికి దించారు. చూడటానికి వుయ్యాల మాదిరి వుంది. దీనివల్ల డప్పుకు హుషారు వస్తుంది, గొంతు అణగిపోతుంది. మీటలన్నీ సమం చేసి, 1,000 నుంచి 3,000 మధ్య వున్నవాటిని పిసరంత పైకి జరిపాడు. లౌడ్‌నెస్ బొత్తాం ఆపేశాడు.

కరెంటు తీసి తీగలు చూశాడు. ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు వున్నాయి. ఒక పెట్టెకు తారుమారైతే, ఒక స్పీకరు ముందుకు కదిలేటప్పుడు రెండోది వెనక్కు పోతుంది. అప్పుడు రెండు పెట్టెల నడుమ నిలవాల్సిన గొంతు చెదిరిపోతుంది.

పెద్దాయన కూర్చునేది చాప మీద. సన్నని శబ్దం పలికే స్పీకరు వున్నది మూడడుగుల ఎత్తున. చెవి ఆ ఎత్తులో వుంటేనే మాట స్పష్టంగా అందుతుంది. అందుకని కుర్చీ వేయించాడు. సిమెంటు గోడలకు మాట తగిలి తిరిగి వస్తోంది. ఎదుటి గోడకు దళసరి బొంత వేలాడదీయించాడు. పలచటి దుప్పటి కడితే ప్రయోజనం తక్కువ.

అప్పుడు విప్పాడు

అయినా ఎడమ పెట్టెలో గొంతు నీరసంగానే వుంది. వెనక పలక విప్పి చూస్తే నడిమి స్పీకరుకు శబ్దాన్ని పంచి ఇచ్చే కెపాసిటరు ఏళ్ల తరబడి వాడకంలో ఎండిపోయింది. దాని మీద వున్న మైక్రోఫారడ్ల లెక్కకు సరిపోయేది, ఓల్టేజి అంతకు తగ్గనిది తెచ్చి అతికాడు. రెండు పెట్టెలూ ఒకే తీరుగా పలకాలని కుడివైపుది కూడా మార్చాడు. మొత్తం మీద డబ్బు పెట్టి కొన్నవి ఆ రెండే.

ఆ రాత్రి మళ్లీ రాయబారం పెట్టారు. రెండు పద్యాలయ్యాక పెద్దాయన కొడుకును పిలిచి, “కాస్త తగ్గించరా, వీధిలోవాళ్లు పడుకోవద్దూ” అన్నారు. శబ్దం సగానికి తగ్గించారు. కృష్ణుడి మాట అక్షరం పోకుండా వినపడింది.