దొడ్లో కుంట తవ్వుకుందాం

సిద్దిపేట జిల్లాలో 2022 ఫిబ్రవరిలో ప్రారంభించిన మల్లన్నసాగర్‌లో 50 టీఎంసీల నీళ్లు పడతాయని లెక్క. ఒక టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. ఇక్కడ మనం చెప్పుకోబోయే కుంటలో పట్టేది 867 ఘనపుటడుగులే. ఇంత చిన్నదాని గురించి పేపర్లో రాయాలా అని ఎవరైనా అనొచ్చు. రాయాలి. ఆ పెద్ద నీళ్ల కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ లాంటి ఊళ్లు, ఆ ఊళ్ల దొడ్లు మునిగిపోయినయి. కాల్వ నీళ్లు పారేది భూమి ఉన్నవాడి చేనుకే. కూలోడి ఇంటికి వచ్చేది వాన నీళ్లొక్కటే, అవీ వాకిట్లో పడి మోరీలోకి పోతున్నయి.

పొలం కుంటల సంగతీ అంతే. 2005లో చట్టమైన ఉపాధి హామీ కింద ఊరూరా కుంటలు తవ్వారు. తవ్విన చేతులకు కొలత ప్రకారం కూలి వచ్చింది, అదీ ఆలస్యంగా. కుంట మాత్రం పట్టా ఉన్నవాడి పేరనే మిగిలింది. చిన్న రైతుకు దక్కినచోట సంతోషమే. కాని భూమే లేని కూలీ పార పట్టిందే తప్ప, ఆ నీళ్లలో అతనికి చారెడు వాటా కూడా లేదు.

అందుచేత దొడ్డి మాటకు వద్దాం. పైన 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు చాలు. గోడలు నిటారుగా తవ్వొద్దు, కూలిపోతాయి. అడుగు లోతుకు అడుగు చొప్పున లోపలికి వాలు ఇస్తే అడుగున 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు మిగులుతుంది. పట్టే నీళ్లు రమారమి 24,500 లీటర్లు. మట్టి గోడల ఇల్లయితే కనీసం పదడుగుల దూరం ఉండాలి. మరుగుదొడ్డి గుంతకు ఇంకా దూరం. వేపచెట్టు కింద తవ్వితే ఆకు రాలి నీళ్లు కుళ్లుతాయి.

దీనికి 35 గజాల పైచిలుకు జాగ కావాలి. ఇంటి జాగే 60, 75 గజాలు ఉన్నవాడికి ఇది కుదరని పని, ఆ మాట దాచి లాభం లేదు. అలాంటి నాలుగైదు కుటుంబాలు కలిసి, గ్రామసభలో తీర్మానం పెట్టించి, ఊరి ఉమ్మడి జాగలో ఒకటి అడగాలి. ఇంటిస్థలాల కోసం దరఖాస్తు పెట్టేటప్పుడే దొడ్డికీ కలిపి అడగడం నేర్చుకోవాలి.

మన దగ్గర ఎక్కువ భాగం ఎర్ర చల్క, నీళ్లు నిలవవు. నల్లరేగడి అయితే కొంత నయం. చల్కలో రెండు దార్లు. ఒకటి పాత పద్ధతి: చెరువు పూడిక మట్టిలోంచి జిగురుమట్టి తెచ్చి, తడిపి, జానెడు మందాన పరిచి, కాళ్లతో బాగా తొక్కాలి. పది మంది కలిస్తే పండుగలా అయిపోతుంది, ఖర్చు బండి కిరాయే. రెండోది ప్లాస్టిక్ పట్టా. పైన అంచులకు రెండేసి అడుగులు కలుపుకొని 28 అడుగులకు 24 అడుగుల పట్టా కావాలి. కింద మొనదేలిన రాయి ఒక్కటి మిగిలినా చిరుగుతుంది గనుక ముందు ఇసుక పోయాలి.

నీళ్ల లెక్క చూద్దాం. 400 చదరపు అడుగుల కప్పు మీద ఒక సెంటీమీటర్ వాన పడితే 370 లీటర్లు. కుంట మీద నేరుగా పడేది మరో 300. అంటే 37 సెంటీమీటర్ల వానకు, ఇంకుడు లేకపోతే, కుంట నిండుతుంది. చెరువుకు మత్తడి ఉన్నట్టే దీనికీ ఒక మూల పైపు పెట్టి జాలి కట్టాలి, లేకుంటే పెద్దవానకు చేపలు మోరీ పాలవుతాయి.

నిండగానే చేపలు వేయొద్దు. కిలోకు తక్కువగా సున్నం, తర్వాత ఏడెనిమిది కిలోల పశువుల పేడ కలిపి పది, పదిహేను రోజులు ఆగాలి. నీళ్లు ఆకుపచ్చగా తిరుగుతాయి. మోచేతి దాకా చెయ్యి ముంచితే అరచెయ్యి కనబడకుండా పోవాలి. కనబడితే ఇంకాస్త పేడ, మోచేతికి ముందే మాయమైతే పేడ బంద్.

పిల్లలు వేలెడు పొడవువి తేవాలి. ముప్పై చాలు: బొచ్చె 12, రోహు 9, మృగాల 9. బొచ్చె పైన, రోహు నడుమ, మృగాల అడుగున మేస్తాయి గనుక ఒకదాని తిండికి ఒకటి అడ్డం రాదు. మూడు వందలు వెయ్యి అని అమ్మేవాడు చెబుతాడు. వాడికేం, వాడి పిల్లలు అమ్ముడుపోతాయి. ప్రభుత్వం నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ జోలికి పోవద్దు. 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకం ఊరి చెరువుల కోసం, సహకార సంఘాల కోసం. మన దొడ్లోకి కొనుక్కోవలసిందే. తెచ్చిన కవరును పావుగంట నీళ్ల మీద తేలేసి అప్పుడు వదలాలి.

మేత కింద తవుడు, పల్లి చెక్క సమంగా కలిపి రోజుకు పిడికెడు. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే గాలి చాలడం లేదన్నమాట. ఆ రోజు మేత ఆపి, బిందెతో ఎత్తి ఎత్తి నీళ్లు పోయాలి. ఇవి దోమ పిల్లల్ని తింటాయి, నాచు పేరుకోకుండా చూస్తే దోమకు తావు తక్కువ.

2020లో కేంద్రం తెచ్చిన మత్స్య సంపద యోజనలో పెరటి యూనిట్లు పెట్టారు, కాని వాటిలో కొన్ని అద్దాల తొట్లలో ఉంచే రంగు చేపలకు! దళితులకు, గిరిజనులకు, మహిళలకు 60 శాతం సబ్సిడీ అని రాశారు. మిగతా 40 శాతం అప్పిచ్చే వడ్డీవ్యాపారి పేరు మాత్రం అందులో రాయలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది పిల్లల సంగతి. పట్టా వేసిన కుంటలో పడ్డ మనిషి జారుడుకు పైకి రాలేడు, పెద్దవాడైనా సరే. పొలం కుంటల్లో ప్రాణాలు పోతున్నది ఇట్లాగే. చుట్టూ ముళ్లకంప గాని తడక గాని కట్టనిదే నీళ్లు నింపొద్దు. ముడులు వేసిన మోకు ఒకటి గట్టు మీద గుంజకు కట్టి ఎప్పుడూ లోపలికి వేలాడేసి ఉంచాలి.

ఆగస్టులో వేస్తే మార్చి, ఏప్రిల్ నాటికి చేప అరకిలో దాటితే మంచి కాపే. ముప్పైలో పాతిక బతికినా పన్నెండు కిలోలు. లక్షలొస్తాయని ఎవడైనా చెబితే నమ్మొద్దు, ఇది వ్యాపారం కాదు, ఇంటి కూర. నడి వేసవిలో నెలకు ముక్కాలడుగు నీళ్లు ఎండకే ఆవిరైపోతాయి. కాబట్టి ఏప్రిల్ నుంచే పెద్దవాటిని ఒకటీ రెండూ పట్టుకుంటూ పోవాలి. అడుగున మిగిలిన నీళ్లు, బురద బీర పాదులకు, వంకాయ మొక్కలకు పోస్తే వేరే ఎరువు అక్కర్లేదు.