చేపల తొట్టెకు ఇంట్లోనే వడపోత డబ్బా

పిల్లలున్న ఇంట్లో ఒక చేపల తొట్టె ఉంటే ముచ్చటగా ఉంటుందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. పోయిన వేసవి సెలవుల్లో ఏలూరు వెళ్ళినప్పుడు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల గాజు తొట్టెను, ఐదు గోల్డ్ ఫిష్‌లను కొని, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాం. పిల్లలిద్దరి ఆనందం చెప్పనలవి కాదు. మా చిన్నదైతే అన్నం కంచం కూడా తొట్టె ముందే పెట్టుకునేది.

రెండో వారంలో ఒక చేప పైకి తేలింది. మర్నాడు రెండు. ఆ తర్వాత నాలుగు రోజులకు ఇంకొకటి. నీళ్ళు చూస్తే అద్దంలా తేటగా ఉన్నాయి. మరి ఎందుకు చనిపోయినట్లు? చిన్నది తొట్టెలో మరమరాలు వేయడం మేము ఒకసారి చూశాం గనుక ఇక వేరే ఆలోచన చేయలేదు. "నీ మూలంగానే చచ్చిపోయాయి" అని ఇద్దరమూ దాన్ని కోప్పడ్డాం. ఆ పిల్ల ఏడ్వలేదు గానీ ఆనాటి నుండి తొట్టె దగ్గరకు పోవడం మానేసింది.

ఆ వారంలోనే కైకలూరు వైపు చేపల చెరువులు చేసే మా బాబాయిగారు వచ్చారు. మిగిలిన ఒక్క చేప నీటి పైభాగాన నోరు తెరచి గాలి మింగుతూ ఉండడం చూసి, "ఏమర్రా, నీళ్ళు ఎప్పుడెప్పుడు మారుస్తున్నారు?" అని అడిగారు. మేము కాస్త గర్వంగానే చెప్పాం: ప్రతి శనివారం నీళ్ళన్నీ పారబోసి, గాజునూ గులకరాళ్ళనూ సబ్బుతో తోమి, కుళాయి నీళ్ళు పడుతున్నామని. ఆయన తల పట్టుకున్నారు. తన సంచిలో చెరువు నీటిని పరీక్షించే మందు చుక్కలుంటే, తొట్టె నీళ్ళు కొంచెం గాజు గొట్టంలో తీసి వేశారు. నీళ్ళు పచ్చబడ్డాయి. "అమ్మోనియా! పిల్ల వేసిన నాలుగు మరమరాలకే ఇదంతా రాలేదు. ఇంత చిన్న తొట్టెలో ఐదు చేపలు పెట్టింది మీరు, శుభ్రం పేరుతో వాటికి మేలు చేసే జీవుల్ని కడిగి పారేసిందీ మీరే" అన్నారు.

ఆ మాట మాకు అప్పుడు అర్థం కాలేదు. ఆయన విడమరచి చెప్పిన సంగతి ఇది. చేప తిన్న ఆహారంలోని వ్యర్థం చాలావరకు మొప్పల గుండా అమ్మోనియాగా నీటిలోకి వస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అదే పుడుతుంది. దానికి రంగు లేదు గనుక నీళ్ళు తేటగానే కనబడతాయి, చేపకు మాత్రం అది విషం. ఏటిలోనూ పాత చెరువులోనూ కంటికి కనబడని బాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇదీ విషమే. మరొక రకం బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది చేపకు అంతగా హాని చేయదు, మొక్కలకు ఎరువు. ఈ బాక్టీరియాను 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రజ్ఞుడు వేరుచేసి చూపించాడు. కొత్త తొట్టెలో ఇవి తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. మేమేమో ఏడు రోజులకొకసారి వాటిని తుడిచిపెట్టేశాం.

ఇళ్ళలో చేపలు పెంచాలనే ఆలోచన కొత్తది కాదు. లండన్‌లో వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు గోల్డ్ ఫిష్‌లను, నీటి మొక్కను, కుళ్ళిన ఆకులు తినే నత్తలను ఒకే పాత్రలో ఉంచి, అవి ఒకదాని నొకటి ఆదుకోవడం గమనించి 1850లో ప్రకటించాడు. 1853లో అక్కడి జంతు ప్రదర్శనశాలలో చేపల శాల తెరిచారు. 1854లో ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఈ విషయంపై వ్రాసిన పుస్తకం వల్ల తొట్టెలు ఇంటింటికీ వెళ్ళాయి. ఆయన వాక్యం బోధించిన సహోదరుడు కూడా.

బాబాయిగారు చెప్పగా మేము తయారుచేసిన వడపోత డబ్బా విధానం ఇది. కావలసినవి: వెడల్పు మూతి గల ఒక ప్లాస్టిక్ డబ్బా, అర అంగుళం ప్లాస్టిక్ గొట్టం ముక్క, చేపల దుకాణంలో దొరికే చిన్న గాలి పంపు, దాని సన్న గొట్టం, సబ్బు తగలని కొత్త స్పాంజి, గులకరాళ్ళు, పాత పెంకు ముక్కలు.

మొదట మూత మధ్యలో అర అంగుళం గొట్టం పట్టేంత రంధ్రం చేయాలి. చుట్టూ కాల్చిన మేకుతో పదిహేను, ఇరవై చిన్న రంధ్రాలు పెట్టాలి. ఈ పని పెద్దలే చేయాలి. గొట్టం అడుగు చివర నాలుగు గాట్లు కోసి, అది డబ్బా అడుగును తాకేలా నిలబెట్టాలి. పై చివర తొట్టెలోని నీటి మట్టానికి కొంచెం దిగువన ఉంటే చాలు. గొట్టం చుట్టూ మొదట బరువు కోసం గులకరాళ్ళు, వాటిపైన బఠాణీ గింజంత పెంకు ముక్కలు, అన్నిటికంటే పైన స్పాంజి అమర్చి మూత బిగించాలి. రాళ్ళనూ పెంకులనూ ముందుగా వేడినీళ్ళలో మరిగించి కడగాలి. రాతిపై నిమ్మరసం పిండితే పొంగు వస్తే అందులో సున్నం ఉన్నట్లు, దాన్ని వాడకండి.

ఇప్పుడు పంపు సన్న గొట్టాన్ని పెద్ద గొట్టం లోపల అడుగు దాకా దించాలి. పంపు నడిచినప్పుడు బుడగలు పైకి పోతూ నీటిని కూడా పైకి ఎత్తుతాయి. ఆ ఖాళీని నింపడానికి తొట్టెలోని నీరు మూత రంధ్రాల గుండా దిగి, స్పాంజిలో చెత్తను వదిలి, పెంకుల మధ్యగా అడుక్కి చేరి గొట్టంలోకి వస్తుంది. స్పాంజిమీద, పెంకు ముక్కల గరుకు మీద బాక్టీరియా కాపురం పెడుతుంది. ఈ డబ్బాలో అసలు పని చేసేది అదే.

ఒక హెచ్చరిక. పంపును తప్పకుండా నీటి మట్టం కంటే ఎత్తున పెట్టండి. క్రింద పెడితే కరెంటు పోయినప్పుడు నీరు వెనక్కి జారి పంపులోకి దిగుతుంది, షాక్ కొట్టే ప్రమాదముంది. తొట్టెలో చేయి పెట్టే ముందు ప్లగ్గు తీసివేయండి. కరెంటు చాలాసేపు రాకపోతే మేత వేయకండి. చెంబుతో తొట్టె నీళ్ళే ముంచి, జానెడు ఎత్తునుండి మళ్ళీ తొట్టెలోకి పోస్తూ ఉంటే కొంత గాలి కలుస్తుంది.

శుభ్రం చేసే పద్ధతి కూడా మార్చుకున్నాం. వారానికొకసారి నాలుగో వంతు నీళ్ళు మాత్రమే తీస్తాం. తీసిన ఆ నీళ్ళలోనే స్పాంజిని పిండుతాం, కుళాయి క్రింద కాదు. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది. అందుకే బ్లీచింగ్ పొడి కలిసిన నీటిని వెడల్పు గిన్నెలో మూత లేకుండా ఒక రోజు ఉంచి, ఆ తర్వాతనే తొట్టెలో పోస్తాం. తీసిన మురికి నీళ్ళు మల్లెపాదుకు పోస్తే మల్లె బాగా ఎదుగుతోంది. మేత రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినగలిగినంతే.

డబ్బా పెట్టగానే అంతా చక్కబడిందని అనుకోవద్దు. మొదటి మూడు వారాలు అమ్మోనియా తగ్గలేదు. మిగిలిన ఆ ఒక్క చేపను కాపాడుకోవడానికి రోజు విడిచి రోజు నాలుగో వంతు నీళ్ళు మార్చాం. ఆరో వారంలో బాబాయిగారు ఇచ్చిన చుక్కలు వేస్తే నీటి రంగు మారలేదు. ఆ తరువాతనే దానికి తోడుగా ఇంకొక చేపను తెచ్చాం. అంతకు మించి ఈ తొట్టెకు వద్దన్నారు. క్రొత్తగా మొదలుపెట్టేవారైతే చేపలు లేకుండానే డబ్బా నడిపించి, రోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనిస్తే బాక్టీరియా పెరుగుతుంది. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ లేవని తేలాక చేపలు తెచ్చుకోవచ్చు.

ఇక మా చిన్నదాని సంగతి. బాబాయిగారు వెళ్ళిన రాత్రి మేమిద్దరమూ దాని మంచం మీద కూర్చుని, "చేపలు చనిపోయింది నీ వల్ల కాదమ్మా, మా తెలియనితనం వల్ల. నిన్ను ఊరకే కోప్పడ్డాం, క్షమించు" అని చెప్పాం. కన్నబిడ్డను క్షమాపణ అడగడం మాకు అలవాటు లేని పని. అది కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే ఆ మిగిలిందానికి రేపు నేను మేత వేయొచ్చా?" అని అడిగింది. అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడు గోడ క్యాలెండరు మీద నీళ్ళు మార్చిన తేదీకి సున్నా చుట్టేది అదే. మేము ఒక శనివారం మరచిపోయినా అది మరువదు.