మాడిసనులో గుంటూరు చరిత్ర

గుంటూరు మండల చరిత్రను దెలిసికొనగోరువారు నేడును విడువరాని గ్రంథములలో రాబర్టు ఎరిక్ ఫ్రైకెన్‌బర్గు రచించినది యొకటి. 1965లో ఆక్స్‌ఫర్డు ముద్రణాలయమువారు ప్రకటించిన ఆ గ్రంథము 1788 మొదలు 1848 వఱకు గల అఱువదియేండ్ల పాలనను విమర్శించుచున్నది. కుంపిణీవారు తామే యేలుచున్నామని తలంచుచుండగా, హుజూరు కచేరీలోని దేశీయోద్యోగులును, జమీందారులును, గ్రామ కరణములును జమాబందీ లెక్కలను తమ గుప్పిట నుంచుకొని నిజమైన పలుకుబడిని చెలాయించిన విధమును అది నిరూపించినది. డొక్కల కరవని మన పెద్దలు చెప్పుకొనిన 1832–33 నాటి నందన సంవత్సరపు కరవు ఆ కాలములోనిదే. ఇది మన తాతముత్తాతల కథ. చెప్పినవారు మాత్రము అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున చరిత్రాచార్యులుగ బనిచేసినవారు.

ఆ విశ్వవిద్యాలయము మాడిసను నగరమున నున్నది. అందొక దక్షిణాసియా అధ్యయన కేంద్రము కలదు. భారతదేశము, పాకిస్తాను, బంగ్లాదేశము, నేపాళము, సింహళము మొదలగు దేశముల చరిత్రను, భాషలను, మతములను, కళలను ఒకేచోట బరిశీలించుట దాని పని. 1971లో నారంభమైన దక్షిణాసియా పండితసభ యచట శరత్కాలమున సమావేశమగుచు వచ్చినది. అదే సంవత్సరమున వెల్చేరు నారాయణరావుగారు ఏలూరినుండి వెళ్లి, యచట మూడు దశాబ్దములకు మించి తెలుగు బోధించిరి. డేవిడ్ షుల్మనుతో గలసి వారు సంకలించిన ప్రాచీనాంధ్ర కవితానువాద సంపుటము 2002లో వెలువడినది. పెద్దన పేరైన నెఱుగని విదేశ విద్యార్థులు అట్టి గ్రంథములవలననే తెలుగు కవిత్వమును రుచిచూచిరి.

ఇట్టి పీఠములు కేవలము విద్యాప్రీతివలన బుట్టినవా? కావు. 1948లో నార్మన్ బ్రౌను పండితుడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున దక్షిణాసియా శాఖను నెలకొల్పునప్పటికి మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి యొక్క సంవత్సరమే. 1957లో రష్యావారు స్పుత్నిక్కును ప్రయోగింపగా అమెరికా ప్రభుత్వము ఉలికిపడెను. మఱుసటి యేట జాతీయ రక్షణ విద్యాశాసనమును గావించి పరభాషాధ్యయనమునకు ధనము నొసంగెను. ఆ శాసనపు పేరిటనే ‘రక్షణ’ యను మాట యున్నది; ఉద్దేశమును వారు దాచలేదు.

గ్రంథముల వృత్తాంతము మఱింత విచిత్రము. 1954 నాటి 480వ శాసనము ననుసరించి మనకు వచ్చిన గోధుమలకు వెల రూపాయలలో జెల్లింపబడెను. ఆ రూపాయలలో గొంతభాగముతో 1962 మొదలు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు ఇచటి పుస్తకములను గొని తమ విశ్వవిద్యాలయములకు బంపిరి. తెలుగు గ్రంథములును అందున్నవి. మన యాకలి తీర్చిన గోధుమల మూల్యముతోనే మన పుస్తకములు ఓడలెక్కినవి!

దీనినంతయు రాజకీయ తంత్రమని త్రోసివేయువారు కొందఱు. తెల్లవారి ముద్రపడినదే పాండిత్యమని చేతులు జోడించువారు మఱికొందఱు. ఈ రెండును అలసులకు దగిన మార్గములని మా యభిప్రాయము. ధనమిచ్చినవాని కోరిక యేదైనను, పండితుడు సత్యమును వెదకి వ్రాసిన గ్రంథము సత్యమునకే చెందును. కాని పరప్రభుత్వపు అవసరమున బుట్టిన పోషణము ఆ యవసరముతోడనే తగ్గవచ్చును. మన చరిత్రకు అది శాశ్వతాధారము కాజాలదు.

మన కర్తవ్యమేమి? కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు మెకంజీకొఱకు ఊరూర దిరిగి సేకరించినందువలననే గ్రామ కైఫీయతులు మనకు మిగిలినవి. 1984లో ఆంధ్రప్రదేశమున కరణీకములు రద్దయినవి. ఉద్యోగము పోయినను పలుయిండ్లలో దఫ్తరములు మిగిలినవి. అటకలమీది దానపత్రములు, భూమి తగవుల కాగితములు, తాళపత్రములు చెదలపాలగుచుండ, మన చరిత్రను పరులు వ్రాసిరని వగచుట యెట్టి న్యాయము?

భూస్వాములకును, పూర్వపు కరణముల వంశీయులకును మా మనవి యొక్కటే. మూలము నీయ మనసొప్పనిచో ప్రతి తీసికొననిండు. పట్టణములలోని గ్రంథాలయ సంఘములు అట్టి ప్రతులను భద్రపఱుపవలెను. 1918లో వెలసిన ఉస్మానియాయు, 1926లో వెలసిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తును మండలమునకొక పరిశోధకుని నియోగించి, వానికి మోడి లిపియు, పారసీకమును నేర్పవలెను. ఆ లిపులు రానివానికి పాత దఫ్తరము చెత్తకాగితమే.

మాడిసనులో గుంటూరు చరిత్రను జదువుట మనకు సిగ్గుకాదు. గుంటూరులో దానిని జదువువారు లేకుండుటయే సిగ్గు.