ఖతార్ గుర్రపుశాలలు – వెన్నుపూసల వైద్యము

పోర్ట్ లూయీలో షాన్ దె మార్స్ మైదానమున 1812లోనే గుర్రపు పందేలు మొదలైనవి గనుక మారిషస్ తెలుగువారికి గుర్రము కొత్త కాదు. అయితే గుర్రపు వెన్నుకు చేతులతో చికిత్స చేయుట ఒక ఉద్యోగమని చాలామందికి తెలియదు. గల్ఫు దేశాల వైపు చూచే మన పిల్లలకు ఈ సంగతి వివరముగా చెప్పవలసి ఉన్నది.

ఈ పద్ధతి పేరు కైరోప్రాక్టిక్. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్టు పట్టణములో డి. డి. పామర్ దీనిని మనుషులకు మొదలుపెట్టాడు. తరువాత షారన్ విల్లోబీ అనే పశువైద్యురాలు జంతువులకు వర్తింపజేసి పాఠాలు చెప్పింది. 1989లో అమెరికన్ వెటర్నరీ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ ఏర్పడింది.

గుర్రానికి సాధారణముగా మెడలో 7, వీపులో 18, నడుములో 6 పూసలుంటాయి. జీను, రౌతు బరువు పడేది వీపు మీదనే. వైద్యుడు ముందు గుర్రాన్ని నడిపించి, దుడికి పట్టించి, ఇరుకుగా తిప్పించి చూస్తాడు. ఆపైన వేళ్లతో పూసపూసా తడిమి బిగుసుకున్న కీలు ఎక్కడో కనిపెట్టి, అక్కడ చిన్నగా, చురుకుగా ఒక్క నొక్కు నొక్కుతాడు. తప్పిపోయిన ఎముకను లోపలికి తోశానని ఎవరైనా అంటే నమ్మవద్దు. అంత పెద్ద జంతువు ఎముక అరచేతికి జరగదు. సడలేది బిగుసుకున్న కీలు, కండరము. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయములో కెవిన్ హౌస్లర్ వంటివారు పరిశోధనలు చేశారు. వీపు కదలిక, నొప్పి విషయములో కొంత మేలు కనబడినా రుజువులు ఇంకా స్వల్పమే. ఎముక విరిగినా, జ్వరమున్నా, కుంటుకు కారణము తెలియకున్నా ఈ చికిత్స కూడదు.

ఖతార్‌లో దీనికి చోటెందుకంటే, అక్కడ పందేలతోపాటు ఎడారిలో 100, 120 కిలోమీటర్ల దూరపు స్వారీ పోటీలూ ఉన్నవి. దోహా చెంత రయ్యాన్‌లో అల్ షకబ్‌ను 1992లో షేక్ హమద్ బిన్ ఖలీఫా అల్ థానీ అరబ్బీ గుర్రాల పెంపకము కోసం స్థాపించారు. 2004 నుండి అది ఖతార్ ఫౌండేషన్‌లో భాగము. ఆ ఫౌండేషన్‌దే గుర్రాల ఆసుపత్రి, ఈక్వైన్ వెటర్నరీ మెడికల్ సెంటర్, కూడా ఉన్నది.

ఇక చదువు. గుర్తింపు పొందిన కోర్సు సుమారు 200 గంటలకు పైగా ఉంటుంది. ఇంతేనా అనిపించును! కాని అందులో చేరుటకు ముందే పశువైద్య పట్టాగాని, మనుషుల కైరోప్రాక్టిక్ పట్టాగాని ఉండవలెను. తిరుపతిలోనో హైదరాబాదు రాజేంద్రనగర్‌లోనో పశువైద్యము చదివితే ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర సంవత్సరాలు. అంటే ఇది ఆరేడేళ్ల దారి. మన తాతముత్తాతలు చదవలేని ఒడంబడిక కాగితము మీద వేలిముద్ర వేసి ఓడ ఎక్కినవారు. మనకు చదువు వచ్చును. డబ్బు కట్టేముందు ప్రవేశ నిబంధనలు, ఆ పట్టా ఖతార్‌లో చెల్లునా అన్నదీ వ్రాతపూర్వకముగా తెలిసికొనండి.

సయీసు పనికి ఈ పట్టా అక్కరలేదు. అయినా జీను పటకా బిగించేటప్పుడు గుర్రము చెవులు వెనక్కి వాల్చినా, అడుగు పొట్టిగా వేసినా మొదట గమనించేది సయీసే. మంచి వైద్యుడు గుర్రము మీద చేయి వేయకముందు అతనినే అడుగుతాడు.