‘త్రాగను’, ‘త్రాగకు’ – మైనర్ థ్రెట్ బృందము కథ



ముప్పది యేండ్లకు పైగా బాలురకు వ్యాకరణమును, ప్రబంధములను పాఠము చెప్పిన నావంటివాడు ఈ సాయంకాలము అమెరికా దేశపు పంక్ సంగీతమును గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. నాకును వింతగానే యున్నది. రెండేండ్ల క్రిందట మా మనుమడు వేసవి సెలవులకు వచ్చియుండగా, వాని గదినుండి యొక భయంకరమైన రొద వినవచ్చెను. తలుపు తట్టి, దానిని ఆపుమంటిని. వాడు ఆపి, “తాతయ్యా, చప్పుడు సంగతి వదిలెయ్యండి, మాటలు వినండి” అని ఆ పాటలోని మాటలను కాగితముపై వ్రాసి యిచ్చెను. మత్తుపదార్థములతో తనకు పనిలేదనియు, అవి లేకయే బ్రదుకగలననియు ఆ పాడువాడు చెప్పుకొనుచున్నాడు. అట్టి రొదలో అట్టి మాట యుండునని నేనెన్నడును అనుకొనలేదు. నాటినుండి ఆ బృందము చరిత్రను కొంత తెలిసికొంటిని. దానినే మీకు మనవి చేసెదను.

ఆ బృందము పేరు మైనర్ థ్రెట్. ఇంగ్లీషున ‘మైనర్’ అనగా యుక్తవయస్సు రానివాడు; స్వల్పమైనది అనియు అర్థము కలదు. ‘థ్రెట్’ అనగా బెదరింపు. కావున ఆ పేరు ‘పిల్లవాండ్ర బెదరింపు’ అనియు, ‘చిన్నపాటి బెదరింపు’ అనియు రెండు విధముల అన్వయించును. మన యాలంకారికులు దీనిని శ్లేష యందురు. మన వాడుకలో మైనరనగా తండ్రి యాస్తిని విలాసములకు తగులబెట్టు యువకుడు. ఈ మైనరులు అట్టివారు కారు.

పంక్ సంగీతము 1970ల నడుమ న్యూయార్కు, లండను నగరములలో పుట్టినది. గొప్ప విద్వత్తు ఉన్నవారికే వేదిక అను నియమమును అది త్రోసిపుచ్చినది. గిటారుపై మూడు నాలుగు పట్టులు తెలిసినచో చాలును, ఎవ్వడైనను పాడవచ్చును. 1980 ప్రాంతమున కాలిఫోర్నియాలోను, వాషింగ్టను నగరమునను కొందఱు యువకులు దానినే మఱింత వేగముగాను, మఱింత కరకుగాను మార్చిరి. దానికి హార్డ్‌కోర్ అని పేరు. అందు విస్తరించి వాయించుట లేదు, ఆలాపన లేదు. అనేకములైన పాటలు నిమిషము, నిమిషమున్నరలో ముగియును. మన విద్వాంసు డొక రాగమును ఆలపించి ముగించునంతలో వారు పది పాటలు ముగింపగలరు. వాషింగ్టనులో ఈ వేగమునకు దారి చూపినవారు బ్యాడ్ బ్రెయిన్స్ అను నల్లజాతి సంగీతజ్ఞులు. వారు మొదట జాజ్ మిశ్రమమైన సంగీతమును సాధన చేసినవారు. చేతకాక వేగమును చేపట్టినవారు కారు.

ఆ నగరముననే ఇయాన్ మెక్కై, జెఫ్ నెల్సన్ అను ఇద్దఱు సహపాఠులు టీన్ ఐడిల్స్ అను బృందమున వాయించుచుండిరి. వారికొక చిక్కు కలదు. సంగీతము జరుగు చోట్ల మద్యము కూడ అమ్ముదురు. అందుచేత పిన్నవారిని లోనికి రానీయరు. 1980లో వారు కాలిఫోర్నియా యాత్ర చేసినపుడు శాన్ ఫ్రాన్సిస్కోలోని యొక సంగీతశాలలో వేఱొక పద్ధతిని చూచిరి. అక్కడ పిన్నవయస్కుల చేతి వెనుకవైపున సిరాతో పెద్ద గుణకారపు గుఱుతు వేసి లోనికి పంపుదురు. ఆ గుఱుతు గలవానికి మద్యము పోయరు. ఈ యువకులు తమ నగరమునకు వచ్చి, అట్లే గుఱుతు వేసికొనెదము, మమ్ము లోనికి రానిండని సంగీతశాలలవారిని ఒప్పించిరి. సంగీతము వినుటకు వేసికొన్న గుఱుతు పిమ్మట మద్యము మాకక్కఱలేదను గర్వచిహ్నముగా మాఱినది.

1980 చివర టీన్ ఐడిల్స్ ముగిసినది. కచ్చేరీలవలన చేరిన సొమ్మును వారు పంచుకొనక, దానితో తమ పాటలను రికార్డుగా వేయించిరి. దానికై డిస్కార్డ్ అను సంస్థను స్థాపించిరి. శ్రుతిభంగమను అర్థము వచ్చు నింగ్లీషు మాటలో నొక యక్షరము చేర్చి ఆ పేరు కల్పించిరి. రికార్డుల కాగితపు తొడుగులను స్నేహితులందఱు కూర్చుండి కత్తిరించి, మడిచి, జిగురుతో అతికించిరట. ఆ డిసెంబరు నెలలోనే మెక్కై గాయకుడుగాను, నెల్సన్ డ్రమ్ములతోను, లైల్ ప్రెస్లర్ గిటారుతోను, బ్రయన్ బేకర్ బేస్ గిటారుతోను మైనర్ థ్రెట్ వెలసినది. అప్పటికి మెక్కై వయస్సు 18 సంవత్సరములు.

1981లో వెలువడిన వారి మొదటి రికార్డున 8 పాటలు. అన్నియు కలిసి పది నిమిషములకు లోపే. అందొకటి ‘స్ట్రెయిట్ ఎడ్జ్’. అనగా రూళ్ళకఱ్ఱ యంచువలె వంకర లేనిదని భావము. ఉపాధ్యాయుడు రూళ్ళకఱ్ఱను వేఱొక పనికి వాడుట మీలో పలువు రెఱుగుదురు. ఆ పాట నిడివి 46 సెకండ్లు. మా మనుమడు నాకు వినిపించినది అదియే.

ఇక వ్యాకరణమునకు వచ్చెదను. అదే యేడు వారు ‘అవుట్ ఆఫ్ స్టెప్’ అను మఱియొక పాట చేసిరి. పొగ త్రాగకుండుట, మద్యము త్రాగకుండుట మొదలగునవి అందును కలవు. తెలుగున ‘త్రాగను’ అన్నచో అది నామాట. ‘త్రాగకు’ అన్నచో నీకు నా యాజ్ఞ. ఒక్క యక్షరమున భేదము తేటపడును. ఇంగ్లీషున ‘నేను’ అను కర్తను లోపింపజేసినచో ఈ రెండింటికిని రూపమొక్కటియే. ఆ పాటలో మెక్కై కర్తను విడిచి పాడెను. తన సంగతి చెప్పెనా, లోకమునకు విధించెనా యని సందేహము కలిగెను. డ్రమ్ములు వాయించు నెల్సన్ దీనికి సమ్మతింపలేదు. 1983లో ఆ పాటను మరల రికార్డు చేసినపుడు, ఇది ఎవరికిని నియమావళి కాదని మెక్కై నడుమ వచనముగా చెప్పవలసి వచ్చెను. మీమాంసకులు విధివాక్యమునకును తక్కిన వాక్యములకును భేదము నిర్ణయించుటకై గ్రంథములు వ్రాసిరి. ఆ యువకులకు ఆ శాస్త్రము తెలియదు. ఆ చిక్కు మాత్రము తెలిసినది.

బృందము బహుకాలము నిలువలేదు. 1981లో గిటారు వాయించువాడు కళాశాలకు పోగా ఆగినది. 1982లో మరల కూడినది. స్టీవ్ హాన్స్‌గెన్ అను నైదవవాడు కొంతకాలము చేరెను. సంగీత మే దారిని పోవలెనను విషయమున భేదములు పెరిగి, 1983 సెప్టెంబరు 23న తుది కచ్చేరీ చేసి విడిపోయిరి. 1989లో వారి పాటలన్నిటిని ఒకచోట కూర్చిరి. అవి 26; అన్నియు వినుటకు గంట పట్టదు.

బృందము పోయినను ఆ మాట పోలేదు. ‘స్ట్రెయిట్ ఎడ్జ్’ అను పేరు పెట్టుకొన్న యువకుల గుంపులు అనేక నగరములలో పుట్టినవి. పెక్కుమంది తమ మట్టుకు తాము నియమముతో బ్రదికిరి. కాని కొందఱు దానిని అన్యులపై శాసనముగా చేసిరి. 1990లలో సాల్ట్ లేక్ సిటీ వంటి చోట్ల త్రాగువారిని కొట్టుటకును దిగినవా రుండిరి. ‘త్రాగను’ అన్నది ‘త్రాగకు’ అయినది.

వారిని నిందించుటకు ముందు నాసంగతి చెప్పవలెను. నేను పనిచేసిన యొక పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలుని జేబులో బీడీలు కనబడినవి. వానిని తరగతి యెదుట నిలువబెట్టి, ఇక త్రాగనని ముమ్మాఱు ఒట్టు పెట్టించితిని. వారము తిరుగకముందే మరల పట్టుబడెను. అందఱి యెదుటను వానిని మాటతప్పినవాడంటిని. మఱునాడు వాడు బడికి రాలేదు. నెల దినములకు విచారింపగా, ఇటుకబట్టీలో పనికి కుదిరినాడని తండ్రి చెప్పెను. నేను వానిని పిలిచికొని రాలేదు. వాడు నాకు అపరాధియని అప్పుడు తలచితిని. నాటి ‘త్రాగను’ వాని నోట పలికినను, అది నా ‘త్రాగకు’ మాత్రమే యని ఇన్నేండ్లకు తెలిసినది. వానిది కాని మాటను వాడు తప్పుటెట్లు?

మద్యము మేలని గాని, బాలురకు హితము చెప్పరాదని గాని నా తాత్పర్యము కాదు. ‘త్రాగను’ అను మాట ఎవనికి వాడు అనుకొన్నప్పుడే నిలుచును. మెక్కై పిదప ఫుగాజీ అను బృందమును కూర్చి, పిన్నలకును ప్రవేశముండునట్లు, ప్రవేశరుసుము స్వల్పముగా నుండునట్లు కచ్చేరీలు చేసెను. డిస్కార్డ్ సంస్థ నేటికిని నడుచుచున్నది. తనకు తాను పెట్టుకొన్న నియమము గనుక అది నిలిచినది.

ఆ సంగీతము నాకు నచ్చినదని చెప్పజాలను. కాని మా మనుమడు దానిని వినునపుడు ఇప్పుడు తలుపు తట్టుట లేదు. సెలవు.